రాళ్ల మధ్య సందు

మా ఇంట్లో ఒక గొడవ రెండేళ్లు నడిచింది. ఫోన్‌లో ఒక జలపాతం ఫొటో. అది చోన్‌జియోన్ అని నేను, కాదు చోన్‌జేయోన్ అని మా ఆవిడ. ఇద్దరం అక్కడికి వెళ్లినవాళ్లమే, ఆ ఫొటోలో పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నవాళ్లమే. అయినా వెనక పడుతున్న నీళ్లు ఎక్కడివో ఇద్దరిలో ఒక్కరికీ గట్టిగా తెలియదు.

దక్షిణ కొరియాకి దిగువన, సముద్రం మధ్యలో, జెజు అనే అగ్నిపర్వత ద్వీపం ఉంది. దాని దక్షిణపు ఒడ్డున ఉన్న ఊరు సొగ్విపో. మొదటిసారి ఆ ఊరికి మేం ఇచ్చింది ఒక్క రోజు. ఆ రోజులో తొమ్మిది చోట్లు చుట్టేశాం. కారు దిగడం, మెట్లు దిగడం, ఫొటో, మెట్లెక్కడం, మళ్లీ కారెక్కడం. గుళ్లో అయితే దేవుడి ముందు "జరగండి, జరగండి" అనడానికి ఒక మనిషి ఉంటాడు. అక్కడ ఆ మనిషి కూడా లేడు. మమ్మల్ని మేమే తోసుకున్నాం.

రెండోసారి ఆరు రోజులు ఉన్నాం. చూసినవి మాత్రం తొమ్మిదికి తక్కువే. ఈ అధ్యాయమంతా ఆ రెండో ప్రయాణం గురించే. మీరు జెజు వెళ్తారో వెళ్లరో నాకు తెలియదు. ఊరు చూడటం అనే విద్య ఒకటి ఉందనీ, అది నాకు రాదనీ నాకు తెలిసొచ్చింది మాత్రం అక్కడే.

ముందు గుణింతం

విమానంలో సినిమా పెట్టుకోకండి. హంగుల్ అక్షరాలు నేర్చుకోండి. సేజోంగ్ రాజు రూపొందించి 1446లో ప్రజల ముందు పెట్టిన లిపి అది. మూల హల్లులు 14, అచ్చులు 10. ఇంగ్లీషు తప్ప మరో లిపి తెలియనివాళ్లు దీనికి తంటాలు పడతారేమో గానీ మనకు చుట్టరికం ఉన్నట్టే ఉంటుంది. హల్లుకి అచ్చు తగిలించి ఒకే గడిలో కూర్చడం మనకు ఒకటో తరగతి గుణింతం. ఆ గడి అడుగున ఇంకో హల్లు వచ్చి కూర్చుంటే అది చూడటానికి మన ఒత్తులాగే ఉంటుంది. కకి, ఖకి తేడా ఉందని మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. భాష రాకపోయినా, రెండు మూడు గంటల్లో బోర్డు మీద పేరు కూడబలుక్కునే స్థితికి వస్తారు.

మా గొడవ తీరింది కూడా ఇలాగే. ఫొటోలో ఒక మూల బోర్డు ఉంది. పెద్దది చేసి చూశాను. రెండు జలపాతాల పేర్లకీ మధ్య గడిలో ఒక్క అచ్చు తేడా. ఒకచోట జి, ఇంకోచోట జే. ఫొటోలో ఉన్నది జే. మా ఆవిడే గెలిచింది. ఈ సంగతి పుస్తకంలో రాస్తానని మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను.

ఆ ఒక్క అచ్చుతో అర్థమే మారిపోతుంది. చోన్‌జియోన్ అంటే ఆకాశం, భూమి కలిసే మడుగు. చోన్‌జేయోన్ అంటే స్వర్గాధిపతి మడుగు. మొదటిది ఊళ్లోనే ఉంది, 22 మీటర్ల ఎత్తు. దాని మడుగులో బారెడు పొడవు పెరిగే మచ్చల మలుగుచేపలు ఉంటాయి. కొరియా ప్రభుత్వం ఆ చోటుని సహజ స్మారకంగా కాపాడుతోంది. రాత్రి కూడా తెరిచే ఉంటుంది, దీపాలు పెడతారు. రెండోది ఊరికి పడమట జుంగ్‌మున్ వైపు, మూడంచెల్లో ఉంది. పై అంచెలో మామూలు రోజుల్లో నీళ్లే పడవు, గట్టి వాన కురిశాకే పడతాయి. ఎండిన కొండముఖం కింద నీలాకుపచ్చ మడుగు నిశ్చలంగా ఉంటుంది. అది చూసి "జలపాతం ఏదీ?" అని అడిగిన మొదటి మనిషిని నేను కాదని అక్కడి టికెట్ మనిషి ముఖం చూస్తే తెలిసింది.

గోడ ఎలా నిలబడుతుంది

జెజులో ఎటు చూసినా నల్లరాతి గోడలే. పొలం చుట్టూ, నారింజ తోట చుట్టూ, సమాధి చుట్టూ కూడా. అగ్నిపర్వతం కక్కిన బసాల్టు రాయి. దున్నాలంటే ముందు ఆ రాళ్లు ఏరాలి, ఏరినవాటిని ఎక్కడో పెట్టాలి. అలా పుట్టిన గోడలు ఇవి. పొలం గోడని బత్‌దామ్ అంటారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో వీటిని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

దగ్గరికెళ్లి చూడండి. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి అంతే. సందుల్లోంచి అవతలి ముల్లంగి ఆకులు కనిపిస్తాయి. భుజం తగిలితే పడిపోతుందేమో అనిపిస్తుంది. కానీ ఈ ద్వీపం తుఫాన్ల దారిలో ఉంది. సందు లేకుండా మూసేసిన గోడైతే గాలినంతా ఎదుర్కోవాలి. ఇది గాలిని కొంచెం ఆపి, కొంచెం వెళ్లనిచ్చి, పంటని కాపాడుతూ తాను నిలబడుతుంది.

మా మొదటి రోజు ప్రణాళికలో సందు లేదు. పది నిమిషాల వాన పడేసరికి అంతా కూలింది. రెండోసారి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: పొద్దున ఒక రాయి, సాయంత్రం ఒక రాయి. మధ్యలో ఏమీ రాయకూడదు. మీరూ మీ జాబితా తీసుకుని సగం కొట్టేయండి. ఏది కొట్టేయాలో తేలకపోతే, ఎవరో చెప్పారని రాసుకున్నవి ముందు కొట్టేయండి. చేతికి ఎన్ని మిగిలాయో చూస్తే కొంచెం సిగ్గేస్తుంది. నాకూ వేసింది.

పాతకాలపు జెజు ఇళ్లకి తలుపుల్లేని వాకిళ్లు ఉండేవి. రెండు రాతి స్తంభాలు, వాటికి తలా మూడు రంధ్రాలు, అడ్డంగా దూర్చడానికి మూడు వాసాలు. వీటిని జొంగ్‌నాంగ్ అంటారు. ఒక్క వాసం పెట్టి ఉంటే పక్కకెళ్లారు, ఇప్పుడే వస్తారు. రెండుంటే రావడానికి కొంత పొద్దు పడుతుంది. మూడూ ఉంటే దూరం వెళ్లారు. ఒక్కటీ లేకపోతే ఇంట్లోనే ఉన్నారు, రండి. తాళం పనీ కబురు పనీ రెండూ కర్రలే చేసేవి. నేను దీన్ని ఫోన్‌కి వాడుకున్నాను. పొద్దున బయల్దేరేముందు ఇంటికీ ఆఫీసుకీ ఒక్క ముక్క పంపేవాణ్ని, "ఈరోజు రెండు వాసాలు" అని. అర్థం ముందే చెప్పి ఉంచాను కాబట్టి సాయంత్రం దాకా ఎవరూ పిలవలేదు. ఎవరి కొంపా మునగలేదు.

దారి సంగతి

ఇది తొందరగా చెప్పేస్తాను. జెజుకి వీసా అక్కర్లేదట అని స్నేహితులు చెబుతారు. ఆ వెసులుబాటు బయటి దేశం నుంచి నేరుగా ద్వీపంలో దిగేవాళ్లకి. సియోల్ మీదుగా వెళ్లాలంటే కొరియా వీసా ఉండాల్సిందే. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనకముందే రాయబార కార్యాలయం వెబ్‌సైట్ చూసుకోండి. సియోల్‌లోని గింపో విమానాశ్రయం నుంచి జెజుకి గంటకు కాస్త పైన పడుతుంది. ప్రపంచంలోనే అత్యంత రద్దీ ఉన్న విమాన మార్గాల్లో అది ఒకటి.

విమానం దిగేది ద్వీపం ఉత్తరాన ఉన్న జెజు నగరంలో. అక్కడినుంచి 600 నంబరు బస్సు జుంగ్‌మున్ మీదుగా సొగ్విపో తీసుకెళ్తుంది. 281 అయితే హల్లాసాన్ కొండ భుజం మీదుగా అడవిలోంచి వెళ్తుంది, మలుపులు పడనివాళ్లు కిటికీ దగ్గర కూర్చోండి. 1,947 మీటర్ల హల్లాసాన్ దక్షిణ కొరియాలో కెల్లా ఎత్తైన కొండ. ఉత్తరపు చలిగాలిని అడ్డుకునేది అదే, అందుకే సొగ్విపోలో చలికాలం మెత్తగా ఉంటుంది. 201 తూర్పు తీరం వెంట, 202 పడమటి తీరం వెంట తిరుగుతాయి. బస్సు కార్డుని ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడూ తాకించాలి. గూగుల్ మ్యాప్ కొరియాలో చాలాకాలంగా నడకదారి సరిగ్గా చూపించదు. నేవర్ మ్యాప్ గానీ కకావో మ్యాప్ గానీ పెట్టుకోండి.

జూన్ చివర నుంచి జులైలో ముసురు, ఆగస్టు సెప్టెంబరుల్లో తుఫాన్లు. ఏప్రిల్, మే, అక్టోబర్, నవంబర్ హాయి.

సోమరిగుర్రం వెనక

సొహ్ మ్యొంగ్‌సుక్ అనే జర్నలిస్టు సొగ్విపోలో పుట్టింది. సియోల్ పత్రికల్లో దశాబ్దాలు పనిచేసి, అలిసిపోయి, ఉద్యోగం వదిలేసి, 2006లో స్పెయిన్‌లోని శాంటియాగో యాత్రా మార్గం నడిచింది. తిరిగొచ్చి తన ద్వీపంలోనే అలాంటి దారి వేయాలనుకుంది. 2007 సెప్టెంబరులో మొదటి దారి తెరుచుకుంది. ఇప్పుడవి 27, మొత్తం 437 కిలోమీటర్లు. పేరు ఒల్లె. జెజు మాండలికంలో ఒల్లె అంటే వీధిలోంచి ఇంటి వాకిలి దాకా రాతిగోడల మధ్య వంపు తిరిగే సన్నటి సందు. దారికి పెట్టడానికి ఇంతకంటే మంచి పేరు దొరకదు: నడిచేది వీధి కాదు, ఎవరి ఇంటికో వెళ్లే దారి.

దారి పొడవునా చెట్లకి నీలం, నారింజ రంగుల రిబ్బన్లు కట్టి ఉంటాయి. నేల మీద, రాళ్ల మీద బాణాలు ఉంటాయి. నీలం బాణం ముందుకి, నారింజ బాణం వెనక్కి. అక్కడక్కడా నీలిరంగు రేకు గుర్రం నిలబడి ఉంటుంది, దాని తల ఎటుంటే దారి అటు. ఆ గుర్రం పేరు గాన్సె. జెజు మాండలికంలో సోమరిపోతుని గాన్సెదారి అంటారు, ఆ మాటలోంచి తెంపుకున్న పేరు. దారి చూపించే జంతువుకి సోమరి అని పేరు పెట్టిన మనుషుల మీద నాకు అప్పుడే గౌరవం పుట్టింది.

సొగ్విపోలో ఉన్నవాళ్లకి రెండు దారులు దగ్గర. మంచినీటి వాగు ఉప్పునీటిని కలిసే సేసోక్కాక్ నుంచి ఊళ్లోకి వచ్చే ఆరో నంబరు ఒకటి, సుమారు 11 కిలోమీటర్లు. ఊళ్లోంచి పడమటికి వెళ్లే ఏడో నంబరు ఇంకోటి, 17 కిలోమీటర్లు దాటుతుంది. ఏడో నంబరంతా ఒక్క రోజులో నడిచి తీరాలని పట్టుబట్టకండి. నేను పట్టుబట్టి మడమ మీద బొబ్బ తెచ్చుకున్నాను. మర్నాడు మందుల దుకాణంలో చెయ్యీ కాలూ ఊపి వివరించాల్సొచ్చింది. సగంలో బస్సెక్కేయొచ్చు, సిగ్గుపడాల్సిన పని లేదు.

ఏడో దారిలో వేదోల్గె అనే రాయి వస్తుంది. ఒడ్డుకి దూరంగా, సముద్రంలో ఒంటరిగా 20 మీటర్ల స్తంభం. పైన కొన్ని పైన్ చెట్లు జుట్టులా ఉంటాయి. చేపలకి వెళ్లిన మొగుడు రాక, ఎదురుచూసి ఎదురుచూసి రాయైపోయిన ముసలమ్మ అని ఒక కథ. 14వ శతాబ్దంలో మంగోలులతో పోరాడిన సేనాని చ్వే యొంగ్ ఈ రాయికి యోధుడి వేషం వేసి శత్రువుని బెదరగొట్టాడని ఇంకో కథ. నేను అక్కడ గంటన్నర కూర్చున్నాను. పొద్దు వాలుతుంటే ముసలమ్మ, మబ్బు పట్టగానే సేనాని.

ఒక గది, నలుగురు మనుషులు

ఈ ఊళ్లో ఒక్కటే చూసే వీలుంటే ఏం చూడమంటావని అడిగితే జలపాతం అనను. లీ జుంగ్‌సొప్ ఉన్న గది అంటాను.

లీ జుంగ్‌సొప్ 1916లో ఇప్పటి ఉత్తర కొరియాలో పుట్టిన చిత్రకారుడు. టోక్యోలో చదువుకున్నప్పుడు యమమోతో మసాకో అనే సహాధ్యాయిని ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు. కొరియా యుద్ధంలో భార్యతో, ఇద్దరు కొడుకులతో దక్షిణానికి పారిపోయి, 1951లో సొగ్విపో చేరాడు. ఒక గడ్డికప్పు ఇంట్లో ఆ ఊరివాళ్లు ఒక చిన్న గది ఇచ్చారు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. గది నాలుగైదు చదరపు మీటర్లు ఉంటుంది, అంతే. ఒక నవారు మంచం వేస్తే ఇక నడవడానికి చోటుండదు. నలుగురు అందులో ఏడాదికి కాస్త తక్కువ గడిపారు. తినడానికి లేక ఒడ్డున పీతలు పట్టుకునేవాళ్లు. తిన్న పీతల పట్ల జాలితో వాటి బొమ్మలు గీశాడని చెబుతారు. ఆ తర్వాత ఆయన చిత్రాల్లో పీతలు, చేపలు, బట్టల్లేని పిల్లలు ఒకరినొకరు పట్టుకుని, దారంతో ముడేసినట్టు ఆడుకుంటూ ఉంటారు. 'సొగ్విపో కల' అనదగ్గ ఒక చిత్రంలో పిల్లలు తెల్లటి పెద్ద పక్షుల మీద ఎగురుతూ పండ్లు కోస్తుంటారు. ఆకలితో ఉన్న ఏడాదిలో వేసిన బొమ్మ అది.

ఆ ఏడాది చివర్లో కుటుంబం బూసాన్ వెళ్లింది. 1952లో భార్యాపిల్లలు జపాన్ వెళ్లిపోయారు. ఆయన తర్వాత ఒక్కసారి, కొద్ది రోజులు మాత్రమే వాళ్లని చూడగలిగాడు. 1956లో సియోల్‌లో, నలభయ్యో ఏట, పక్కన ఎవరూ లేకుండా పోయాడు. కాగితం కొనలేక సిగరెట్ పెట్టెల్లోని వెండిరేకు మీద గీసుకున్న బొమ్మలు మిగిలాయి. వాటిలో మూడు ఇప్పుడు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉన్నాయి. మసాకో 2022 దాకా బతికింది, నూరేళ్లు దాటాక పోయింది. ఎన్ని దశాబ్దాలో లెక్కేసుకోండి.

ఆ వీధికి 1996లో ఆయన పేరు పెట్టారు. 2002లో పక్కనే మ్యూజియం వచ్చింది. తెరిచి ఉందో లేదో వెళ్లే ముందు కనుక్కోండి. మూసి ఉన్నా గది ఉంటుంది. ఆయన గీసిన సొప్‌సొమ్ అనే చిన్న దీవి సముద్రంలో అలాగే ఉంటుంది.

ఇక్కడ మీకొక పని చెప్తాను. గది ముందు పది నిమిషాలు నిలబడండి, ఫొటో తీయకుండా. మొదటి రెండు నిమిషాల్లో చూడ్డానికేమీ లేదనిపిస్తుంది. మూడో నిమిషంలో నలుగురూ ఎటు తలపెట్టి పడుకునేవారో అని ఆలోచన వస్తుంది. ఐదో నిమిషంలో పిల్లలు కాళ్లు ముడుచుకుంటేనే కుదురుతుందని తేలుతుంది. ఆ బొమ్మల్లో పిల్లలు ఒకరి మీద ఒకరు ఎందుకు పడుకుని ఉంటారో నాకు పుస్తకాల్లో తెలియలేదు, ఆ గుమ్మం దగ్గర తట్టింది. నా ఊహ తప్పూ కావచ్చు. కానీ అది నేను అక్కడ నిలబడి సంపాదించుకున్న ఊహ.

ఊపిరి లెక్క

ఏడో దారిలోనే బొప్‌హ్వాన్ అనే పల్లె ఉంది. అక్కడ హేన్యొలు ఉంటారు, అంటే సముద్రపు ఆడవాళ్లు. సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి పది మీటర్ల దాకా మునిగి, నత్తగుల్లలు, అబలోన్, సముద్రపు నాచు ఏరుకొచ్చే వృత్తి. యునెస్కో 2016లో ఈ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. 1970 ప్రాంతంలో 14 వేల మంది ఉండేవారు. ఇప్పుడు మూడు వేలకి లోపే, వాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు.

వాళ్లని చూడాలంటే ముందు వినాలి. నీళ్లలోంచి తల పైకి రాగానే బిగబట్టిన గాలిని సన్నటి ఈలలా వదులుతారు. దాని పేరు సుంబిసోరి, ఊపిరి చప్పుడు. మొదటిసారి విన్నప్పుడు ఏదో పక్షి అనుకున్నాను. నారింజ రంగు తేలుబుర్ర పక్కన నల్లటి తల కనిపించాక తెలిసింది.

వాళ్లలో ప్రతిభని బట్టి మూడు అంతస్తులు: సంగున్, జుంగ్గున్, హాగున్. ఒడ్డున రాళ్లతో కట్టిన బుల్తొక్ అనే చలిమంట దగ్గర కూర్చునే చోటు కూడా ఈ వరసలోనే. పొగ రాని వైపు పెద్దలది. సిలిండర్లు వాడకూడదన్నది వాళ్ల కట్టుబాటు. వాడితే సముద్రం ఏ నాలుగేళ్లలోనో ఖాళీ. ఏడు సెంటీమీటర్లకి తక్కువున్న నత్తగుల్లని తీయకూడదు. ఒడ్డుకి దగ్గరగా లోతు లేని చోటు ముసలివాళ్ల కోసం వదిలేస్తారు, పడుచువాళ్లు అటు రారు. దాని పేరు హల్మాంగ్ బాదాంగ్, మన మాటల్లో అవ్వల సముద్రం.

ఇంకో మాట ఉంది, ముల్‌సుమ్. నీటి ఊపిరి. అడుగున ఒక పెద్ద అబలోన్ కనిపిస్తుంది. ఊపిరి అయిపోతోంది. పైకొచ్చి మళ్లీ మునగొచ్చు, కానీ ఆ చోటు మళ్లీ దొరుకుతుందో లేదో. ఇంకొక్క క్షణం అని చెయ్యి చాస్తే, నీళ్లలోనే ఊపిరి తీయాల్సొస్తుంది. అది ముల్‌సుమ్, ఆ తర్వాత ఇంకేం లేదు. కొత్తగా వచ్చిన పిల్లకి పెద్దవాళ్లు ముందు నేర్పేది ఇదే: నీ ఊపిరి ఎంతో అంతే తెచ్చుకో. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు రాసేవాణ్ని, "ఇంకొంచెం, ఇంకొంచెం" అని జనాన్ని తోసే వ్యాపారం నాది. ఆ రాళ్ల మీద కూర్చుని నా పాత అధ్యాయాలు రెండు మూడు గుర్తుచేసుకుని ఇబ్బందిపడ్డాను.

ఒక మర్యాద. వాళ్లు బట్టలు మార్చుకునే చోటుకి, బుల్తొక్‌కి కెమెరాతో వెళ్లకండి. అది వాళ్ల కార్ఖానా, ప్రదర్శన కాదు. చూడాలనిపిస్తే వాళ్లు అమ్మే చోట ఒక పళ్లెం కొనండి. మీరు తినకపోతే పక్కవాళ్లకి పెట్టండి.

ఒకే నీటికి రెండు బోర్డులు

ఊరి తూర్పున జొంగ్‌బాంగ్ జలపాతం 23 మీటర్ల ఎత్తు నుంచి తిన్నగా సముద్రపు ఒడ్డున పడుతుంది. ఆసియాలో ఇలాంటిది ఇదొక్కటే అని రాసుకుంటారు. "ఒక్కటే" అన్న మాట ఎక్కడ కనిపించినా నేను కొంచెం వెనక్కి జరుగుతాను, మీరూ జరగండి. అందానికి ఆ బిరుదు అక్కర్లేదు.

చైనా తొలి చక్రవర్తి చిన్ షి హువాంగ్ చావులేని మూలిక కోసం జుఫూ అనే మనిషిని తూర్పు సముద్రాల్లోకి పంపాడని కథ. కొరియన్లు అతన్ని సొబుల్ అంటారు. ఇక్కడ దిగి, మూలిక దొరక్క, జలపాతపు రాతి మీద పేరు చెక్కి పడమటికి తిరిగి వెళ్లాడట. సొగ్విపో అన్న పేరుకి ఆ పడమటి తిరుగుప్రయాణమే మూలం అంటారు. పక్కనే అతని పేర ప్రదర్శనశాల కూడా ఉంది.

ఇది మొదటి బోర్డు. రెండోది చాలాకాలం ఎవరూ పెట్టలేకపోయారు. 1948 ఏప్రిల్ 3న ద్వీపంలో తిరుగుబాటు మొదలైంది. దాన్ని అణచే క్రమంలో 1954 దాకా 25 వేల నుంచి 30 వేల మంది చనిపోయారని అంచనా, ద్వీప జనాభాలో దాదాపు పదోవంతు. అధికభాగం మామూలు పల్లెజనం. హల్లాసాన్‌కి దక్షిణాన ఉన్న ఊళ్లవాళ్లని తెచ్చి చంపిన చోట్లలో ఈ జలపాతం ఒకటి. దశాబ్దాలపాటు ఆ మాట ఎత్తితేనే నేరం. 2003లో అధ్యక్షుడు రో మూహ్యొన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. 2024 నోబెల్ బహుమతి పొందిన హాన్ కాంగ్ 2021లో రాసిన ఒక నవల ఈ మారణకాండ చుట్టూనే తిరుగుతుంది. చలికాలంలో రేకులు రాల్చకుండా పువ్వుకి పువ్వే నేలరాలే ఎర్రటి కమేలియా, ఆ మృతుల గుర్తు. ఎవరి చొక్కా మీదైనా ఆ పువ్వు బిళ్ల కనిపిస్తే అర్థం అదే.

మొదటిసారి ఇక్కడ మేం ఎనిమిది నిమిషాలు ఉన్నాం, రెండు వేళ్లు చూపిస్తూ ఫొటో దిగాం. తప్పు చేశామని అనను, మాకు తెలియదు. ఇప్పుడు మాత్రం ఏ అందమైన చోటుకి వెళ్లినా ముందు రోజు రాత్రి ఒక ప్రశ్న వెతుక్కుంటాను: ఇక్కడ బోర్డు మీద రాయనిది ఏమైనా ఉందా? పావుగంట పని. మీరూ చేసి చూడండి. మన ఊళ్లలోనూ చేసి చూడండి.

తిండి

సొగ్విపో ఒల్లె సంతలో ఒక సాయంత్రం గడపండి. కొరియన్ వంటకి మన గుంటూరు నాలుక భయపడక్కర్లేదు, గోచుజాంగ్ అనే మిరపముద్ద కారంలో తీపి ఎక్కువ. శాకాహారులకే కష్టం. కూరలో మాంసం లేకపోయినా చారు ఎండుచేపలతో కాస్తారు, కిమ్చీలో చేపల ఊట ఉంటుంది. "గోగి పేజుసేయో" అంటే మాంసం తీసేయండి అని, చేపలకి అది వర్తించదు. ఆ మాట ఒక్కటీ నమ్ముకుని మా ఆవిడ మొదటి రోజు మోసపోయింది. ఏప్రిల్‌లో వెళ్తే హల్లాసాన్ వాలుల్లో దొరికే గోసారి అనే లేత అడవికూర అడగండి. అది మొలకెత్తే రోజుల్లో పడే ముసురుకి గోసారి వాన అనే పేరే ఉంది.

ఒమేగి తొక్ తప్పకుండా తినండి. ఇక్కడి అగ్నిపర్వతపు నేలలో నీళ్లు నిలవవు, అందుకని వరి దాదాపు లేదు. బార్లీ, కొర్రలు తిని బతికారు. ఆ జిగురు కొర్రపిండితో చేసిన ముద్దని ఉడికించి ఎర్ర చిక్కుడుగింజల పూర్ణంలో దొర్లిస్తారు. మన పూర్ణంబూరెని తిరగేసినట్టు, తీపి బయట ఉంటుంది.

ఇష్టం లేకుండా వచ్చినవాళ్లు

పడమటి కొసన దేజొంగ్ అనే చోటు ఉంది. 1653లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడ ఒకటి ఈ ద్వీపపు ఒడ్డున పగిలింది. మన మచిలీపట్నంలో అద్దకపు గుడ్డలు కొన్న కంపెనీయే. ఓడలో ఉన్న 64 మందిలో 36 మంది బతికారు. వాళ్లని దేశం దాటనివ్వలేదు. ఓడ గుమాస్తా హామెల్, మరో ఏడుగురు 13 ఏళ్ల తర్వాత పడవలో పారిపోయారు. జీతం బకాయి రాబట్టుకోడానికి హామెల్ రాసిన నివేదికే యూరప్‌కి కొరియాని పరిచయం చేసింది.

ఇంకొకాయన చూసా అనే కలంపేరున్న పండితుడు కిమ్ జొంగ్‌హీ. 1840లో రాజు ఆయన్ని ఇక్కడికి ప్రవాసం పంపాడు, 1848 దాకా ఉంచాడు. అధికారం పోగానే స్నేహితులు మొహం చాటేశారు. ఒక్క శిష్యుడు, లీ సాంగ్‌జొక్ అనే దుబాసీ, చైనా వెళ్లినప్పుడల్లా పుస్తకాలు కొని ఈ మూలకి పంపేవాడు. 1844లో అతని కోసం చూసా ఒక బొమ్మ గీశాడు, సేహాన్‌దో. ఎండిన కుంచెతో ఒక చిన్న ఇల్లు, నాలుగు చెట్లు, మిగతాదంతా ఖాళీ. అసలు చిత్రం సియోల్ జాతీయ మ్యూజియంలో ఉంది. దేజొంగ్‌లో కట్టిన స్మారక భవనం బొమ్మలోని ఇల్లులాగే సాదాగా ఉంటుంది, బంగాళాదుంపల గోదాములా ఉందని చుట్టుపక్కలవాళ్లు ఎగతాళి చేశారట.

చూసా ఉన్న ఇంటి చుట్టూ తెంగ్‌జా అనే ముళ్లనారింజ కంచె ఉండేది. ఖైదీ దాటకూడదని ముళ్లకంచె వేయడం ఆ శిక్షలో భాగం. ఇప్పుడు ఈ ద్వీపమంతా కాసే తీపి నారింజకి అంటు కట్టేది ఆ ముళ్లనారింజ మొదలుకే. 1960, 70ల్లో ఆ తోటలు ఎంత లాభం తెచ్చాయంటే, పిల్లల్ని కాలేజీ చదివించింది అవేనని నారింజ చెట్టుకి "కాలేజీ చెట్టు" అని పేరొచ్చింది.

మేం వెళ్లింది నవంబరు చివర. దేజొంగ్ నుంచి బస్టాపుకి నడిచొస్తుంటే నల్లరాతి గోడ మీద నారింజల సంచులు వరసగా పెట్టి ఉన్నాయి. అమ్మే మనిషి లేడు. పక్కన ఒక డబ్బా, మూతకి చీలిక. నేను అంకెలు చదవగలిగాను, అక్షరాలు కూడబలుక్కున్నాను, కానీ చిల్లర లేదు. ఉన్నది పదివేల వాన్ల నోటు, అది రెండు సంచుల ధర. "నోటు వేసేసి ఒకటే తీసుకో, మోయలేం" అన్నాను. "రెండు తీసుకుందాం, బస్సుకి ఇంకా టైముంది" అంది మా ఆవిడ. బస్టాపు బల్ల మీద కూర్చుని ఒలవడం మొదలుపెట్టాం. ఒక 202 వచ్చి వెళ్లిపోయింది, ఎక్కలేదు. గోడ సందుల్లోంచి గాలి చల్లగా వస్తోంది. తొక్కలు ఎక్కడ పడేయాలో తెలియక కోటు జేబుల్లో వేసుకున్నాను. హైదరాబాద్ వచ్చిన వారానికి కూడా ఆ జేబులు అదే వాసన.